ల్యాప్‌టాప్ బ్యాటరీ నిలవడం లేదా? తిరుపతి, చిత్తూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ల్యాప్‌టాప్ సర్వీసు చేసే మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది కాలేజీ పిల్లలు, ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు. చాలామంది వస్తూనే "బ్యాటరీ పోయింది, కొత్తది వేయండి" అంటారు. కొందరి విషయంలో అది నిజమే. కొందరిది మాత్రం చార్జర్ లోపం, లేదా చార్జింగ్ పిన్ను లూజు, లేదా ఎప్పుడో ఆన్ చేసి మర్చిపోయిన ఒక సెట్టింగ్. బ్యాటరీ కొన్నాక అసలు లోపం వేరే చోట ఉందని తెలిస్తే ఆ డబ్బు వెనక్కి రాదు. అందుకని ఇంట్లోనే చూసుకోగలిగినవి ముందు రాశాం. కొనడం, మార్చడం ఆ తర్వాత.

ల్యాప్‌టాప్ అడుగు భాగం ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం మిగతావి చదవకండి. వెంటనే ఆఫ్ చేసి, చార్జర్ పీకేసి, కింద ఉన్న "ఉబ్బింది" అనే ప్రశ్న దగ్గరికి వెళ్లండి.

ఇదివరకు మూడు గంటలు వచ్చేది, ఇప్పుడు గంట కూడా రావడం లేదు. బ్యాటరీ పోయినట్టేనా?

అలా అని చెప్పలేం. ముందు ఏ పని చేస్తున్నప్పుడు గంట వస్తోందో చూడండి. వీడియో మీటింగ్, వెలుతురు నిండా పెంచిన స్క్రీన్, వెనకాల జరుగుతున్న విండోస్ అప్‌డేట్, ఇవన్నీ కలిస్తే మంచి బ్యాటరీ కూడా త్వరగా దిగిపోతుంది. టాస్క్ మేనేజర్ తెరిచి ఏ ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ని ఎక్కువగా వాడుతోందో ఒకసారి చూసుకోండి. ఒకే పని, ఒకే వెలుతురు ఉండి కూడా బ్యాకప్ నెలనెలా తగ్గుతూ వస్తోందంటే అది బ్యాటరీ అరుగుదలే. అనుమానం తీరాలంటే రిపోర్టు తీయాలి.

రిపోర్టు ఎలా తీయాలి?

విండోస్‌లో దీనికి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. స్టార్ట్ మెనూలో సీఎండీ అని వెతికి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఇంగ్లీషులో పవర్ అని కొట్టి, ఖాళీ వదలకుండా సి, ఎఫ్, జి అక్షరాలు చేర్చండి. తర్వాత ఒక స్పేస్, ముందుకు వాలిన స్లాష్, దాన్ని ఆనుకుని బ్యాటరీరిపోర్ట్ అని ఒకే మాటగా కొట్టి ఎంటర్ నొక్కండి. ఫైల్ ఎక్కడ సేవ్ అయిందో ఆ నల్ల విండోలోనే చూపిస్తుంది. దాన్ని క్రోమ్‌లోనో ఎడ్జ్‌లోనో తెరవండి.

మ్యాక్‌బుక్‌లో ఆప్షన్ కీ పట్టుకుని యాపిల్ గుర్తు మీద నొక్కి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో పవర్ అనే భాగం చూడండి. సైకిల్ కౌంట్, కండిషన్ రెండూ అక్కడే ఉంటాయి. ఉబుంటు వాడేవాళ్లు టెర్మినల్‌లో యూపవర్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, హైఫన్ డి అని కొడితే చాలు.

సిస్టమ్ విండోస్ దాకా వెళ్లడం లేదంటే కంపెనీ సొంత టెస్టు వాడండి. డెల్‌లో ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కితే డయాగ్నస్టిక్స్ కనిపిస్తుంది. హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి తర్వాత ఎఫ్2 నొక్కాలి.

రిపోర్టు వచ్చింది. అందులో ఏ అంకె చూడాలి?

రెండు అంకెలు చాలు. డిజైన్ కెపాసిటీ అంటే కొత్తగా ఉన్నప్పుడు బ్యాటరీ పట్టాల్సింది. ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు నిండా చార్జ్ చేస్తే పడుతున్నది. ఉదాహరణకు మొదటిది 41,000 మిల్లీవాట్ అవర్, రెండోది 24,000 అనుకోండి. 24,000ను 41,000తో భాగిస్తే 0.58 పైచిలుకు. అంటే మీ బ్యాటరీలో మిగిలింది 58 శాతం. స్క్రీన్ మీద "100%" అని చూపించినా అది ఈ 58లో వందే.

80 శాతం పైన ఉంటే బ్యాటరీ జోలికి పోవద్దు, లోపం ఇంకెక్కడో వెతకండి. 60 నుంచి 80 మధ్య ఉంటే మీ అవసరాన్ని బట్టి నిర్ణయించుకోండి. రోజంతా ప్లగ్ పక్కనే కూర్చునేవాళ్లు ఇంకా కొన్నాళ్లు లాగించొచ్చు. 60 కిందికి వస్తే మార్చమనే మేం చెప్తాం. ఇది మా అనుభవంతో పెట్టుకున్న లెక్క, కంపెనీ రూలు కాదు.

సైకిల్ కౌంట్ కూడా ఉంటే చూడండి. మొత్తం వంద శాతం వాడితే ఒక సైకిల్. ఈరోజు సగం, రేపు సగం వాడినా ఒకటే. మామూలు ల్యాప్‌టాప్ బ్యాటరీలు 300 నుంచి 500 సైకిళ్ల దాకా బాగా నిలుస్తాయి. ఈమధ్య మ్యాక్‌బుక్‌లకు యాపిల్ 1000 సైకిళ్లు అని చెబుతుంది.

"ప్లగ్డ్ ఇన్, నాట్ చార్జింగ్" అని వస్తోంది. బ్యాటరీ మార్చాలా?

ఆగండి. ఎక్కువమంది తొందరపడి డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

మొదట అడాప్టర్ సంగతి. మీ ల్యాప్‌టాప్‌తో వచ్చిన అడాప్టర్ మీద ఎన్ని వాట్లు రాసుందో చూడండి. 65 వాట్లు కావాల్సిన చోట 45 వాట్లది పెడితే సిస్టమ్ నడిచినా బ్యాటరీ ఎక్కకపోవచ్చు, లేదా చాలా నెమ్మదిగా ఎక్కొచ్చు. టైప్-సి పిన్ను ఉన్న ల్యాప్‌టాప్‌కి ఫోన్ చార్జర్ పెట్టినా ఇదే జరగొచ్చు. డెల్, హెచ్‌పీ గుండ్రటి పిన్నుల మధ్యలో సన్నటి సూది ఉంటుంది. అడాప్టర్ ఎవరిదో, ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కి చెప్పేది అదే. అది వంగినా, విరిగినా, డూప్లికేట్ అడాప్టర్ అయినా సిస్టమ్ పనిచేస్తూనే బ్యాటరీకి చార్జ్ ఇవ్వడం ఆపేస్తుంది. వీలైతే అదే మోడల్ ఉన్న ఫ్రెండ్ చార్జర్ అడిగి పెట్టి చూడండి. హాస్టల్లో ఉంటే ఇది అయిదు నిమిషాల పని.

చార్జర్ బాగానే ఉంటే పిన్ను పెట్టే చోటు చూడండి. కేబుల్‌ని కొంచెం అటూ ఇటూ కదిపితే చార్జింగ్ లైటు వెలుగుతూ ఆరుతూ ఉందంటే అది లూజ్ కాంటాక్ట్. జాక్ మార్చాలి, బ్యాటరీ కాదు.

తర్వాత ల్యాప్‌టాప్ ఆఫ్ చేయండి. చార్జర్ తీసేయండి. బ్యాటరీ బయటికి తీయగలిగే పాత మోడల్ అయితే అదీ తీయండి. పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని, మళ్లీ అన్నీ పెట్టి ఆన్ చేయండి. కొన్ని లెనోవో మోడళ్లకు అడుగున గుండుసూది పట్టేంత రీసెట్ రంధ్రం ఉంటుంది, దాన్ని నొక్కినా ఇదే ఫలితం. అయినా మారకపోతే డివైస్ మేనేజర్‌లో బ్యాటరీస్ కింద ఏసీపీఐ కంప్లయంట్ కంట్రోల్ మెథడ్ బ్యాటరీ అనే దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ దాన్ని తనే మళ్లీ పెట్టుకుంటుంది.

ఇంకో కారణం వేడి. బ్యాటరీ బాగా వేడెక్కి ఉంటే సర్క్యూట్ తనే చార్జింగ్ ఆపేస్తుంది. మే నెల మధ్యాహ్నం డాబా మీది గదిలో ఇది మామూలే. ఫ్యాన్ కింద చల్లారాక చూడండి. ఇవన్నీ చేశాక కూడా ఎక్కకపోతే, రిపోర్టులో అంకె కూడా పడిపోయి ఉంటే, అప్పుడు బ్యాటరీని అనుమానించండి. రిపోర్టులో బ్యాటరీ బాగానే ఉండి చార్జ్ ఎక్కడం లేదంటే మదర్‌బోర్డు మీది చార్జింగ్ సెక్షన్ చూపించాలి.

చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగిపోతోంది. అరవై దగ్గర కూడా ఆగుతుందా?

ఆగుతుంది, అది లోపం కాదు. ల్యాప్‌టాప్ కంపెనీ సొంత యాప్‌లో, అంటే లెనోవో వాంటేజ్‌లో కన్జర్వేషన్ మోడ్, మైఆసుస్‌లో బ్యాటరీ హెల్త్ చార్జింగ్, ఏసర్ కేర్ సెంటర్‌లో 80 శాతం పరిమితి, ఇలాంటిదేదో ఆన్ అయి ఉంటుంది. ప్రయాణం ఉన్న రోజు ఆఫ్ చేయండి, వచ్చాక మళ్లీ ఆన్ చేయండి.

ఇంకా 30 శాతం ఉండగానే టక్కున ఆఫ్ అయిపోతోంది. ఎందుకు?

బ్యాటరీ ప్యాక్‌లో రెండు, మూడు లేదా నాలుగు సెల్స్ వరసగా కలిపి ఉంటాయి. అందులో ఒకటి బలహీనపడితే, ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగినప్పుడు దాని వోల్టేజీ దబ్బున పడిపోతుంది. సర్క్యూట్ మొత్తం ప్యాక్‌ని కట్ చేసేస్తుంది. స్క్రీన్ మీద 30 ఉండొచ్చు గానీ, ఆ బరువు మోసే శక్తి అందులో లేదు.

కొన్నిసార్లు తప్పు సెల్‌ది కాదు, చార్జ్ శాతం లెక్క వేసే చిప్‌ది మాత్రమే. అందుకని ఒకసారి కాలిబ్రేట్ చేసి, అంటే ఆ లెక్కను సరిచేసి చూడండి. నిండా చార్జ్ చేయండి. చార్జర్‌లోనే రెండు గంటలు ఉంచండి. తర్వాత చార్జర్ తీసి, తనంతట తానే హైబర్నేట్ అయ్యేదాకా వాడండి. కొన్ని గంటలు ఆగి, మధ్యలో ఆపకుండా మళ్లీ నిండా ఎక్కించండి. ముఖ్యమైన ఫైళ్లన్నీ ముందే సేవ్ చేసుకోవాలి. దీని తర్వాత శాతం సరిగ్గా దిగుతుంటే బ్యాటరీ కొనక్కర్లేదు. మళ్లీ 30 దగ్గరే ఆగితే సెల్ పోయినట్టే. ప్రతి నెలా కాలిబ్రేట్ చేయమని కొందరు చెబుతారు, అది వద్దు. ప్రతిసారీ బ్యాటరీ కొంత అరుగుతుంది.

మా ఊళ్లో లో వోల్టేజీ. కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. దానివల్ల పోయిందా?

లో వోల్టేజీ వల్ల కాదు. అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100–240 వోల్టులు అని రాసుంటుంది. ఆ మధ్యలో ఎంత వచ్చినా అది ల్యాప్‌టాప్‌కి ఇచ్చేది ఒకటే, ఎక్కువ మోడళ్లలో 19 లేదా 20 వోల్టుల చుట్టూ ఉంటుంది. కరెంటు పోయి వచ్చేటప్పుడు ఒక్కసారిగా వోల్టేజీ ఎగబాకితే మాత్రం దెబ్బ అడాప్టర్‌కి తగులుతుంది. పలమనేరు, పుంగనూరు వైపు పల్లెల నుంచి వచ్చే వాళ్లకు మేం చెప్పేది ఒకటే. మంచి స్పైక్ గార్డ్ కొనండి, ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ప్లగ్ తీసేయండి.

మన ఎండలకు బ్యాటరీ నిజంగా పాడవుతుందా?

అవుతుంది. లిథియం అయాన్ బ్యాటరీకి అన్నిటికంటే పెద్ద శత్రువు వేడి. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. వేడి పెరిగే కొద్దీ సెల్ లోపల ఎలక్ట్రోలైట్ త్వరగా విచ్ఛిన్నమవుతుంది, ఎలక్ట్రోడ్ మీద పొర మందమవుతుంది, పట్టే చార్జ్ తగ్గుతుంది. ఇలా పోయిన సామర్థ్యం వానాకాలంలో తిరిగి రాదు. వేడికి నిండు చార్జ్ కూడా తోడైతే ఇంకా త్వరగా దెబ్బతింటుంది.

కొండకు వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. అలిపిరి దగ్గర కారు ఎండలో పెట్టి, ల్యాప్‌టాప్ బ్యాగు లోపలే వదిలేసి మెట్లెక్కుతారు. దర్శనం అయి దిగేసరికి ఎన్ని గంటలవుతుందో మన చేతుల్లో ఉండదు. అద్దాలు మూసిన కారు లోపల వేడి బయటికంటే చాలా ఎక్కువ, 60 డిగ్రీల దాకా పోగలదు. ల్యాప్‌టాప్ రూములోనే పెట్టి వెళ్లండి. తప్పదనుకుంటే పూర్తిగా షట్‌డౌన్ చేసి, నీడలో పార్క్ చేసి, ఎండ తగలని చోట సీటు కింద పెట్టండి. స్లీప్‌లో పెట్టి బ్యాగులో తోయడం అన్నిటికంటే చెడ్డది. బ్యాగులోనే మేలుకుని, గాలి ఆడక, తన వేడికి తనే ఉడికిపోతుంది.

ఇంట్లో అయితే పరుపు మీద, దిండు మీద పెట్టి వాడకండి. గాలి వెళ్లే రంధ్రాలు మూసుకుపోతాయి. రెండు మూడేళ్లయిన ల్యాప్‌టాప్ అయితే ఒకసారి లోపలి ఫ్యాన్ దుమ్ము దులిపించండి. చాలా వాటిలో బ్యాటరీ ఉండేది ఆ ఫ్యాన్ పక్కనే.

ఎప్పుడూ చార్జర్‌లోనే ఉంచి వాడితే?

ఓవర్‌చార్జ్ అవదు, సర్క్యూట్ ఆపేస్తుంది. కానీ రోజంతా వంద శాతం దగ్గర, వేడిగా ఉండటం మంచిది కాదు. పైన చెప్పిన 80 శాతం పరిమితి పెట్టుకుని నిశ్చింతగా ప్లగ్‌లో వాడండి. సెలవులకు ఊరెళ్తూ ల్యాప్‌టాప్ వదిలేసి పోతే సగం చార్జ్‌తో ఆఫ్ చేసి పెట్టండి. సున్నా దగ్గర వదిలేస్తే నెలల తర్వాత అసలు లేవకపోవచ్చు.

టచ్‌ప్యాడ్ పైకి లేచింది, అడుగున ఉబ్బింది. ఏం చేయాలి?

ముందు గుర్తులు చెప్తాం. టచ్‌ప్యాడ్ క్లిక్ బిగుసుకుపోవడం, కీబోర్డు మధ్యలో కొంచెం ఎత్తుగా కనిపించడం, మూత సరిగ్గా మూసుకోకపోవడం, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగడం. చాలామంది టచ్‌ప్యాడ్ రిపేరుకని తెస్తారు, తెరిచి చూస్తే కింద బ్యాటరీ ఉబ్బి ఉంటుంది. సెల్ లోపల రసాయనాలు విచ్ఛిన్నమై పుట్టిన వాయువు బయటికి పోలేక అలా ఉబ్బుతుంది.

పనులు పూర్తయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. పరీక్ష ఉన్నా, ప్రాజెక్టు సబ్మిషన్ ఉన్నా సరే. వెంటనే షట్‌డౌన్ చేసి చార్జర్ పీకేయండి. మళ్లీ చార్జ్ చేయొద్దు. లోపలికి నొక్కి సరిచేయొద్దు, సూదితో గుచ్చొద్దు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. గుచ్చితే లోపల షార్ట్ అయి మంట రావచ్చు, ఆ పొగలో ఊపిరితిత్తులకు ప్రమాదమైన హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి వాయువులు ఉంటాయి. ల్యాప్‌టాప్‌ను పరుపు, పుస్తకాలు, కర్టెన్లకు దూరంగా గచ్చు మీదనో బండ మీదనో పెట్టండి. ఎండ తగలకూడదు. వీలైనంత త్వరగా సర్వీసుకు తీసుకెళ్లండి. బైకు మీద తీసుకెళ్తే డిక్కీలో కుక్కొద్దు, వెనక కూర్చున్నవాళ్లు పట్టుకోవాలి. డేటా భయం వద్దు. బ్యాటరీ తీసేశాక హార్డ్ డిస్క్‌లోనివన్నీ అలాగే ఉంటాయి.

బుస్సుమని శబ్దం, ఘాటైన తియ్యటి వాసన, పొగ, వీటిలో ఏది మొదలైనా గది నుంచి అందరూ బయటికి రండి. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. గోడ ప్లగ్ దగ్గర కరెంటు ఆపేసి ఉండి, మంట చిన్నదై, దూరం నుంచే పోయగలిగితే ల్యాప్‌టాప్ బ్యాటరీకి నీళ్లు పోయొచ్చు. పక్క సెల్స్‌ని చల్లబరచడానికి అవే మేలు. పొగ నిండిన గదిలోకి ల్యాప్‌టాప్ కోసం మళ్లీ వెళ్లొద్దు.

ఉబ్బిన బ్యాటరీని ఇంట్లో విప్పే ప్రయత్నం చేయొద్దని మా గట్టి మాట. అది జిగురుతో అతికి ఉంటే పీకేటప్పుడే చినుగుతుంది.

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ, టైమ్ మారిపోతున్నాయి. ఇదీ బ్యాటరీ లోపమేనా?

అవును, కానీ వేరే బ్యాటరీ. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత 3 వోల్టుల సెల్ ఉంటుంది, ఎక్కువగా సీఆర్2032. అది మార్చడం చిన్న పని, చిన్న ఖర్చు. దీనికోసం పెద్ద బ్యాటరీ కొనొద్దు.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ పేరు చెబితే చాలదా?

చాలదు. ఒకే మోడల్ పేరుతో వచ్చిన ల్యాప్‌టాప్‌లలోనే రెండు మూడు రకాల బ్యాటరీలు ఉంటాయి. పాత బ్యాటరీ మీద ఉన్న పార్ట్ నంబరు కావాలి. హెచ్‌పీలో హెచ్‌టీ03ఎక్స్‌ఎల్ లాంటిది, డెల్‌లో ఎం5వై1కె లాంటిది. లేబుల్‌ని ఫోన్‌తో ఫొటో తీసుకుని షాపుకు వెళ్లండి.

ఆ లేబుల్ మీద వోల్టులు, వాట్ అవర్లు కూడా ఉంటాయి. వోల్టేజీని ఆంపియర్ అవర్‌తో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. 14.8 వోల్టులు, 2.7 ఆంపియర్ అవర్ అయితే ఇంచుమించు 40 వాట్ అవర్లు. బ్యాకప్ పోల్చడానికి వాట్ అవర్లే చూడండి, మిల్లీ ఆంపియర్ అవర్ అంకె పెద్దగా ఉంటే ఎక్కువ వస్తుందని అనుకోవద్దు. వోల్టేజీ వేరైతే ఆ అంకెలకు పోలికే ఉండదు.

వోల్టేజీలో చిన్న తేడా ఉంటే భయం లేదు. 10.8, 11.1 రెండూ మూడు సెల్స్ వరసే. ఒక్కో సెల్‌కి 3.6 అని ఒకరు, 3.7 అని ఇంకొకరు లెక్క రాస్తారు, అంతే. 11.1 స్థానంలో 14.8 ఇస్తామంటే మాత్రం తీసుకోకండి. అది నాలుగు సెల్స్ వరస. కనెక్టర్ పిన్నుల సంఖ్య, స్క్రూ రంధ్రాల చోటు కూడా పాతదానితో పక్కపక్కన పెట్టి చూడండి.

ఒరిజినల్ తీసుకోవాలా, కంపాటిబుల్ (వేరే కంపెనీ తయారుచేసింది) చాలా? ఎక్కడ కొనాలి?

ల్యాప్‌టాప్ ఇంకా రెండు మూడేళ్లు వాడతాననుకుంటే కంపెనీ సర్వీసు సెంటర్ ద్వారా ఒరిజినల్ తీసుకోండి. ధర గణనీయంగా ఎక్కువే, కానీ సర్క్యూట్, సెల్స్ రెండూ నమ్మకంగా ఉంటాయి. అయిదారేళ్ల పాత సిస్టమ్‌కి కంపెనీయే బ్యాటరీ తయారు చేయడం ఆపి ఉండొచ్చు. షెల్ఫులో ఏళ్ల తరబడి పడి ఉన్న ఒరిజినల్ కంటే ఈమధ్య తయారైన మంచి కంపాటిబుల్ నయం. వాడకపోయినా లిథియం సెల్ అరుగుతూనే ఉంటుంది. అందుకే తయారీ తేదీ అడగండి.

కంపాటిబుల్‌లో రకరకాలు ఉంటాయి. లేబుల్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఐఎస్ 16046, ఆర్ అక్షరం తర్వాత ఎనిమిది అంకెల రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ తయారీదారుదో తెలుస్తుంది. గుర్తూ నంబరూ లేనిదాన్ని ధర తక్కువని తీసుకోవద్దు. ఒడిలో పెట్టుకునే వస్తువు అది.

కొందరు చెన్నై రిచీ స్ట్రీట్‌కో బెంగళూరు ఎస్పీ రోడ్‌కో వెళ్లి కొనుక్కొస్తారు. రకాలు ఎక్కువ దొరుకుతాయి, బేరమూ ఆడొచ్చు. అయితే మూడు నెలలకు బ్యాటరీ మొరాయిస్తే మళ్లీ అంత దూరం పోవాలి. తిరుపతిలోనో చిత్తూరులోనో, రాతపూర్వకంగా వారంటీ ఇచ్చే షాపులో కొంచెం ఎక్కువ పెట్టి కొనడమే మాకు సబబుగా తోస్తుంది. బిల్లు మీద పార్ట్ నంబరు, వారంటీ గడువు రాయించుకోండి. బిల్లుంటేనే, తేడా వచ్చినప్పుడు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదుకు బలం ఉంటుంది.

కరకంబాడిలో అంత పెద్ద బ్యాటరీ ఫ్యాక్టరీ ఉంది కదా, ల్యాప్‌టాప్‌వి అక్కడ దొరకవా?

అక్కడి అమర రాజా కంపెనీ పేరు తెచ్చుకున్నది కార్లు, బైకులు, ఇన్వర్టర్లకు వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీలతో. అది వేరే రసాయనం, వేరే వస్తువు. తిరుపతిలో లిథియం సెల్స్ తయారీ కూడా వచ్చింది. మునోత్ సంస్థ ఫ్యాక్టరీలో 2022 సెప్టెంబరులో ప్రీ-ప్రొడక్షన్ మొదలైంది. మన జిల్లాకు అది గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతే. కానీ సెల్ వేరు, మీ మోడల్‌కి సరిపోయే ప్యాక్ వేరు. ల్యాప్‌టాప్ ప్యాక్ కావాలంటే కంపెనీ సర్వీసు సెంటరో కంప్యూటర్ షాపో, అంతే.

లోపలి సెల్స్ మాత్రం మార్చి తక్కువలో చేసిస్తామంటున్నారు. చేయించుకోవచ్చా?

వద్దు. సెల్స్ ఒకదానికొకటి సరిగ్గా సరిపోలాలి, వెల్డింగ్ వేడికి దెబ్బతినకూడదు. సెల్స్ తీయగానే కొన్ని ప్యాక్‌ల చిప్ లాక్ అయిపోతుంది, ఎంత మంచి సెల్స్ పెట్టినా మళ్లీ పనిచేయదు. పాత బ్యాటరీల నుంచి పీకిన సెల్స్‌కి కొత్త రేపర్ చుట్టి పెట్టేవాళ్లూ ఉన్నారు. కస్టమర్‌కి బయటి నుంచి తేడా తెలియదు.

నేనే మార్చుకోవచ్చా?

అడుగున లాక్ జరిపితే బయటికి వచ్చే బ్యాటరీ అయితే ఎవరైనా మార్చుకోవచ్చు. లోపల ఉండే రకమైతే, స్క్రూలతో బిగించింది అయి, ఉబ్బకుండా ఉంటే, ఓపికున్నవాళ్లు చేసుకోవచ్చు. జిగురుతో అతికించిన మ్యాక్‌బుక్ లాంటివి సర్వీసుకే ఇవ్వండి. వారంటీ ఇంకా ఉంటే ఏదీ విప్పకండి.

చార్జ్ 25 శాతం కిందికి దిగేదాకా వాడండి. నిండు బ్యాటరీ కంటే తక్కువ చార్జ్ ఉన్నది దెబ్బ తగిలినా ప్రమాదం తక్కువ. రీస్టార్ట్, స్లీప్ కాకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయండి. షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే ఫాస్ట్ స్టార్టప్ అడ్డు రాదు. లెనోవో థింక్‌ప్యాడ్‌లలో బయోస్ (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్) లోపలే డిజేబుల్ బిల్ట్-ఇన్ బ్యాటరీ అనే ఆప్షన్ ఉంటుంది, విప్పే ముందు అది వాడండి. చార్జర్, మౌస్, పెన్‌డ్రైవ్ అన్నీ తీసేయండి.

మెత్తటి గుడ్డ మీద బోర్లించి, సరైన సైజు చిన్న స్టార్ స్క్రూడ్రైవర్‌తో విప్పండి. స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు. కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే పెట్టుకోండి. పొడవాటి స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే లోపల బోర్డుకి గుచ్చుకుంటుంది. మూత రాకపోతే బలం చేయొద్దు, రబ్బరు కాళ్ల కింద దాగిన స్క్రూ ఏదైనా ఉందేమో చూడండి. పాత ప్లాస్టిక్ కార్డును అంచు చుట్టూ నెమ్మదిగా జరిపితే క్లిప్పులు ఊడతాయి. ఇనుప స్క్రూడ్రైవర్ దూర్చొద్దు.

తెరవగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. వైర్లు పట్టి లాగకుండా, ప్లాస్టిక్ తల రెండు వైపులా గోళ్లతో పట్టి కొద్దికొద్దిగా కదపండి. కొన్ని పక్కకి జారతాయి, కొన్ని పైకి లేస్తాయి, ముందు చూసి తెలుసుకోండి. తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. బ్యాటరీ స్క్రూలు విప్పి, పాతది తీసి, కొత్తది అదే గాడిలో పెట్టి బిగించి, కనెక్టర్ పెట్టండి. స్పీకర్ వైరు బ్యాటరీ కింద నలగకుండా చూసుకోండి. మూత బిగించే ముందు ఒకసారి చార్జర్ పెట్టి ఆన్ అవుతుందో లేదో చూడటం మంచిది. చూశాక షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసేశాకే మూత బిగించండి.

కొత్త బ్యాటరీకి మొదటిసారి ఎనిమిది గంటలు చార్జ్ పెట్టాలంట కదా?

అది పాత నికెల్ బ్యాటరీల కాలం మాట. నిండా ఎక్కించి వాడటం మొదలుపెట్టండి. డబ్బాలోంచి తీసినప్పుడు సగం కూడా చార్జ్ లేకపోతే పాతదేమోనని అనుమానించొద్దు, రవాణాలో భద్రత కోసం తక్కువ చార్జ్‌తోనే పంపుతారు. మొదటి వారంలోనే ఒకసారి రిపోర్టు తీయండి. ఫుల్ చార్జ్ కెపాసిటీ డిజైన్ అంకెకు దగ్గరగా ఉండాలి. కొత్తదే 70 శాతం చూపిస్తే ఒకసారి కాలిబ్రేట్ చేసి మళ్లీ తీయండి. అప్పుడూ మారకపోతే ఆ రిపోర్టు ప్రింటు, బిల్లు తీసుకుని షాపుకు వెళ్లి మార్చమని అడగండి.

ల్యాప్‌టాప్‌కి మూడేళ్ల వారంటీ ఉంది. బ్యాటరీకి కూడా ఉన్నట్టేనా?

ఎక్కువ కంపెనీలు బ్యాటరీకి విడిగా ఒక ఏడాదే ఇస్తాయి. కంపెనీ సైటులో మీ సీరియల్ నంబరు కొట్టి చూడండి. గడువు ముగియడానికి నెల ముందు రిపోర్టు తీయడం అలవాటు చేసుకోండి. అప్పటికే బాగా పడిపోయి ఉంటే ఉచితంగా మార్పించుకునే అవకాశం ఉంటుంది.

రేణిగుంట నుంచి ఫ్లైట్. కొత్త బ్యాటరీ విడిగా తీసుకెళ్లొచ్చా?

చేతి బ్యాగులో తీసుకెళ్లొచ్చు, చెక్-ఇన్ లగేజీలో కుదరదు. 100 వాట్ అవర్లలోపు ఉంటే చాలు, మామూలు ల్యాప్‌టాప్ బ్యాటరీలన్నీ అందులోకే వస్తాయి. 100 నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. కనెక్టర్‌కి టేపు వేసి కవర్లో పెట్టండి. ఉబ్బిన బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్‌ని విమానంలోకి తీసుకెళ్లకూడదు.

పాత బ్యాటరీ ఏం చేయాలి?

చెత్త బండిలో వేయొద్దు. బండిలో చెత్తను నొక్కినప్పుడు అది చిట్లి మంట లేస్తే పోయేది పారిశుధ్య కార్మికుల ప్రాణం. పాత సామాన్ల వాళ్లకీ ఇవ్వొద్దు, రాగి కోసం పగలగొడతారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారీదారులది. కాబట్టి కొత్తది కొన్న చోటే, లేదా కంపెనీ సర్వీసు సెంటర్‌లో పాతది ఇవ్వండి. వాళ్లు తీసుకోం అంటే ఆ నిబంధన సంగతి చెప్పి అడగండి. ఇచ్చేదాకా కనెక్టర్‌కి ప్లాస్టర్ టేపు వేసి, తాళాలు, నాణేలు తగలకుండా, పిల్లలకు అందని చల్లని చోట విడిగా ఉంచండి.